ముందు జబ్బున్న మనిషికి, ఆ తర్వాతే ఇంట్లోవాళ్లకు: వంశంలో నడిచే గ్రంథుల ట్యూమర్లకు జన్యు పరీక్ష ఎలా చేయించుకోవాలి

కూతురి పెళ్లికి అచ్చు వేయించిన శుభలేఖలు మిగిలిపోతే, ఒకదాని వెనక తెల్లటి భాగంలో వంశం మొత్తం గీసుకుని వచ్చాడు ఒకాయన. తాత పేరు పక్కన "గుండెపోటు, 38 ఏళ్లు" అని ఉంది. మేనత్త పేరు పక్కన "గొంతు ఆపరేషన్". తన పేరు పక్కన "బీపీ, 26 నుంచి". తమ్ముడి పేరు పక్కన ఏమీ రాయలేదు, ఒక ప్రశ్నార్థకం పెట్టాడు. స్కాన్‌లో ఆయనకు రెండు వైపులా అడ్రినల్ గ్రంథుల్లో, అంటే కిడ్నీల మీద ఉండే గ్రంథుల్లో, గడ్డలు కనిపించాయి. రక్తం తీయకముందే ఆ శుభలేఖ సగం సంగతి చెప్పేసింది.

నేను జన్యు కౌన్సెలింగ్ పనిలో ఉన్నాను. ఇక్కడ చెప్పే మనుషుల వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది అడిగే మొదటి ప్రశ్న, "ఆ జీన్ టెస్ట్ ఇంట్లో అందరికీ ఒకేసారి చేయించేద్దామా?" అని. వద్దు. ఈ టెస్ట్‌లో రక్తం తీయడం చాలా తేలిక. ఎవరిది ముందు తీయాలి, ఏం వెతకమని ల్యాబ్‌కి చెప్పాలి అన్నదే అసలు పని. అది తప్పితే డబ్బు పోవడం ఒక్కటే కాదు, లేని ధైర్యం వస్తుంది. దాని వల్ల జరిగిన నష్టం ఒకటి కింద చెప్తాను.

ముందుగా, ఏ జబ్బుల సంగతి ఇది

హార్మోన్లు తయారు చేసే గ్రంథుల్లో వచ్చే గడ్డల్లో ఎక్కువ భాగం వంశంతో సంబంధం లేకుండా వస్తాయి. కొన్ని మాత్రం ఒక్క జీన్‌లో తప్పు వల్ల తరతరాలుగా వస్తాయి. ముఖ్యంగా నాలుగు గుంపులు గుర్తుంచుకుంటే చాలు.

మెన్-1: గడ్డలు వచ్చే చోట్లు పారాథైరాయిడ్ (మెడలో థైరాయిడ్ వెనక ఉండి కాల్షియాన్ని అదుపు చేసే చిన్న గ్రంథులు), పిట్యూటరీ (మెదడు అడుగున ఉండే గ్రంథి), క్లోమం. ఈ జీన్ 11వ క్రోమోజోమ్ మీద ఉందని, దాని అక్షరాలు ఏమిటో 1997లో తేలింది. ఇది ఉన్నవాళ్లలో 90 శాతం పైగా మందికి 50 ఏళ్లు వచ్చేలోపు పారాథైరాయిడ్ జబ్బు, అంటే రక్తంలో కాల్షియం పెరగడం, కనిపిస్తుంది.

మెన్-2: రెట్ అనే జీన్. మెడల్లరీ అనే రకం థైరాయిడ్ క్యాన్సర్, అడ్రినల్‌లో ఫియోక్రోమోసైటోమా (బీపీని పెంచే హార్మోన్లు వదిలే గడ్డ), కొందరిలో పారాథైరాయిడ్ జబ్బు. ఈ జీన్‌కీ జబ్బుకీ ఉన్న సంబంధం 1993లో బయటపడింది.

వీహెచ్ఎల్ అనే జీన్: అడ్రినల్ గడ్డలతో పాటు కంటి రెటీనా, మెదడు, కిడ్నీ, క్లోమంలో కూడా.

ఎస్‌డీహెచ్ జీన్ల గుంపు: అడ్రినల్ బయట కూడా, మెడలో, కడుపులో నరాల గొలుసు వెంట వచ్చే పారాగ్యాంగ్లియోమాలు.

ఇవి కొత్త జబ్బులేం కావు. 1886లో జర్మనీలోని ఫ్రైబర్గ్‌లో ఫెలిక్స్ ఫ్రాంకెల్ అనే డాక్టరు, రెండు అడ్రినల్స్‌లోనూ గడ్డలతో చనిపోయిన 18 ఏళ్ల అమ్మాయి కథ రాశాడు. ఆ అమ్మాయి బంధువుల వారసులను వెతికి పట్టుకుని పరీక్ష చేస్తే వాళ్లలో రెట్ జీన్ తప్పు దొరికింది. ఆ సంగతి 2007లో అచ్చయింది. 120 ఏళ్ల తర్వాత జవాబు దొరికిన టెస్ట్ ఇది.

1. వంశం గీయండి, అది కూడా మన వరసలతో జాగ్రత్తగా

మూడు తరాలు కావాలి. మీరు, మీ తోబుట్టువులు, పిల్లలు. అమ్మానాన్నలు, వాళ్ల తోబుట్టువులు. తాతలు, అమ్మమ్మ, నానమ్మ. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు గుండ్రం, పోయినవాళ్ల మీద అడ్డగీత. నోట్‌బుక్ పేజీ చాలు.

తెలుగువాళ్లతో ఈ పని చేసేటప్పుడు ఎప్పుడూ ఒకచోట ఇరుక్కుంటాం. "మా అన్నకి కూడా ఇదే ఉందండీ" అంటారు. పది నిమిషాలు అయ్యాక తెలుస్తుంది, ఆ అన్న పెదనాన్న కొడుకు. ఇంకొకరి అన్న పెద్దమ్మ కొడుకు. మనకు ముగ్గురూ అన్నలే, జీన్ లెక్కలో ముగ్గురూ వేరు. ఒకే తల్లిదండ్రుల పిల్లలైతే అవకాశం సగం. పెదనాన్న కొడుకైతే అంతకంటే తక్కువ, అదీ జబ్బు నాన్న వైపు నుంచి వచ్చి ఉంటేనే. అందుకని "సొంత అన్నా? పెదనాన్న కొడుకా? పెద్దమ్మ కొడుకా?" అని ప్రతి పేరు పక్కన రాయండి.

మేనరికం గురించి కూడా అడుగుతారు, సిగ్గుపడాల్సిన పని లేదు. ఈ జబ్బులు మేనరికం వల్ల రావు. అమ్మానాన్నల్లో ఒక్కరి దగ్గర తప్పు ఉన్నా చాలు, ప్రతి బిడ్డకూ సగం అవకాశంతో వస్తుంది. కాకపోతే మేనమామను చేసుకున్న ఇంట్లో ఒకే మనిషి వంశవృక్షంలో రెండు చోట్ల కనిపిస్తాడు, గీత గజిబిజి అవుతుంది. అందుకే ఆ సంగతి ముందే చెప్పాలి.

పేర్ల పక్కన జబ్బు పేరు తెలియకపోయినా ఫర్వాలేదు. పెద్దవాళ్లు చెప్పే మాటలే రాయండి: "గొంతులో గడ్డ", "మాటిమాటికీ కిడ్నీలో రాళ్లు", "కడుపులో పుండు, ఎన్ని మందులు వాడినా తగ్గలేదు", "చిన్న వయసులోనే బీపీ", "ఆపరేషన్ టేబుల్ మీదే పోయాడు", "కాన్పులో బీపీ పెరిగి పోయింది". మళ్లీ మళ్లీ వచ్చే రాళ్లు పారాథైరాయిడ్ వైపు చూపిస్తాయి. తగ్గని పుండుకు కారణం క్లోమం దగ్గర వచ్చి కడుపులో యాసిడ్ పెంచే గ్యాస్ట్రినోమా అనే గడ్డ కావచ్చు. మత్తు ఇవ్వగానే పోయిన మనిషికి ఎవరికీ తెలియని ఫియోక్రోమోసైటోమా ఉండి ఉండవచ్చు. వీటిని ఆ ఇంట్లో ఎప్పుడూ ఒక జబ్బుగా కలిపి చూసి ఉండరు. "మా ఇంటికి ఏదో దోషం ఉంది" అనుకుని పూజలు చేయించిన కుటుంబాలు నాకు తెలుసు.

శరీరం మీద కనిపించే గుర్తులు కూడా అడగండి. రెట్ జీన్‌కి సంబంధించి 634వ స్థానంలో మార్పు ఉన్న కొందరికి (ఈ అంకె సంగతి రిపోర్టు దగ్గర చెప్తాను) వీపు పైభాగంలో, రెండు భుజాల ఎముకల మధ్య, ఏళ్ల తరబడి దురద పెట్టే నల్లటి మచ్చ ఉంటుంది. దాన్ని తామర అనుకుని ఆయింట్‌మెంట్ రాస్తూ ఉంటారు. మెన్-2లోనే మెన్-2బి అనే రకం ఉన్న పిల్లల్లో నాలుక మీద, పెదాల మీద చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి, కొందరు పసిపిల్లలు ఏడిస్తే కన్నీళ్లు రావు. ఈ రకం చాలాసార్లు అమ్మానాన్నలకు లేకుండా బిడ్డలోనే కొత్తగా పుడుతుంది, కాబట్టి "మా వంశంలో ఎవరికీ లేదు" అన్న మాట ఇక్కడ పనికిరాదు.

ఎస్‌డీహెచ్‌డి అనే జీన్‌కి ఇంకో విచిత్రం ఉంది. తండ్రి నుంచి వస్తే జబ్బు వస్తుంది. తల్లి నుంచి వస్తే సాధారణంగా రాదు, కానీ తప్పు మాత్రం లోపలే ఉంటుంది. ఆ బిడ్డ మగవాడైతే, అతని పిల్లలకు మళ్లీ జబ్బు రావచ్చు. మేనమామకు ఉండి, అమ్మకూ మీకూ ఏమీ లేకపోయినా, మీ కొడుక్కి రావడం అంటే ఇదే. "ఒక తరం వదిలేసింది కదా, ఇంక పోయినట్టే" అనుకోకండి.

2. కాగితాలు వెతకండి

బయాప్సీ రిపోర్టు ఒక్కటి వంద మాటల పెట్టు. "థైరాయిడ్ క్యాన్సర్ వచ్చింది" అంటే సరిపోదు. పాపిల్లరీయా, మెడల్లరీయా? పాపిల్లరీ అయితే రెట్ వంశ పరీక్ష అవసరం పడదు. మెడల్లరీ అయితే, ఇంట్లో ఇంకెవరికీ లేకపోయినా, రెట్ టెస్ట్ తప్పనిసరి. మెడల్లరీ వచ్చిన వాళ్లలో దాదాపు నలుగురిలో ఒకరికి అది వంశంలో వచ్చినదే.

పాత ఆపరేషన్ జరిగిన ఆస్పత్రిలో కాగితాలు దొరక్కపోతే, పారఫిన్ బ్లాకులు ఉన్నాయేమో అడగండి. అవి మైనంలో పెట్టిన గడ్డ ముక్కలు. పోయిన మేనత్త గడ్డ మీద కూడా కొన్నిసార్లు సమాచారం దొరుకుతుంది.

3. జీన్ కంటే ముందు కొన్ని మామూలు టెస్టులు

దీన్ని దాటేసి నేరుగా జీన్ ప్యానెల్‌కి, అంటే చాలా జీన్లను ఒకేసారి చూసే టెస్ట్‌కి, పరుగెత్తేవాళ్లను చూస్తే నాకు చిరాకు. రెండు ఉదాహరణలు చెప్తాను.

కాల్షియం ఎక్కువ ఉందనగానే మెన్-1 అనుకోవద్దు. ఎఫ్‌హెచ్‌హెచ్ అని ఇంకో వంశపారంపర్య పరిస్థితి ఉంది. అందులో పుట్టినప్పటి నుంచీ కాల్షియం కొంచెం ఎక్కువ, మూత్రంలో మాత్రం తక్కువ. దానికి ఆపరేషన్ అక్కర్లేదు, చేసినా తగ్గదు. తేడా తెలుసుకోవడానికి 24 గంటల మూత్రం డబ్బాలో పట్టి కాల్షియం, క్రియాటినిన్ చూస్తారు. చిరాకు పని, ఇంటి నుంచి ఆఫీసుకి డబ్బా మోసుకెళ్లాలి. కానీ ఆ ఒక్క రోజు విసుగు మెడ మీద కోతను తప్పించగలదు.

అడ్రినల్ గడ్డ ఉంటే మెటానెఫ్రిన్ల పరీక్ష. ఇవి ఫియోక్రోమోసైటోమా వదిలే హార్మోన్లు విరిగితే వచ్చే పదార్థాలు. రక్తంలో చేస్తే, 20-30 నిమిషాలు వెల్లకిలా పడుకున్నాకే రక్తం తీయాలి. కుర్చీలో కూర్చోబెట్టి తీస్తే లేని జబ్బు ఉన్నట్టు కనిపించవచ్చు. పారాసిటమాల్, కొన్ని డిప్రెషన్ మందులు కూడా ఫలితాన్ని తారుమారు చేస్తాయి, వాడుతుంటే ల్యాబ్‌కి చెప్పండి. థైరాయిడ్ వైపు అనుమానం ఉంటే కాల్సిటోనిన్, సీఈఏ చూస్తారు, ఇవి మెడల్లరీ ఉంటే రక్తంలో పెరిగేవి.

ఇంతకీ ఎవరికి జీన్ టెస్ట్ అడగాలి? మెడల్లరీ వచ్చిన ప్రతి ఒక్కరికీ. ఫియోక్రోమోసైటోమా లేదా పారాగ్యాంగ్లియోమా వచ్చినవాళ్లందరితోనూ మాట్లాడాలి, ఎందుకంటే వాళ్లలో సుమారు మూడో వంతు మందికి వంశపు తప్పు ఉంటుంది. మెన్-1 కోసమైతే: మూడు ముఖ్య గ్రంథుల్లో రెండింటిలో గడ్డలు ఉన్నవాళ్లు, 30 లోపే పారాథైరాయిడ్ జబ్బు వచ్చినవాళ్లు, ఒకటి కంటే ఎక్కువ పారాథైరాయిడ్ గ్రంథులు పాడైనవాళ్లు, గ్యాస్ట్రినోమా ఉన్నవాళ్లు. 70 ఏళ్ల పెద్దావిడకు ఒక్క పారాథైరాయిడ్ గడ్డ, వంశంలో ఎవరికీ లేదు అంటే, చాలావరకు అవసరం లేదు.

4. మొదటి రక్తం జబ్బున్నవాళ్లదే

ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంటుందంటే ఇదే ఉండాలి. మొదటి పరీక్ష, జబ్బు స్పష్టంగా ఉన్న మనిషికి చేయాలి. ఎందుకంటే ఆ ఇంటి తప్పు ఏ జీన్‌లో, ఏ అక్షరం దగ్గర ఉందో ఇంకా ఎవరికీ తెలియదు. జబ్బున్న మనిషిలో వెతికితే దొరికే అవకాశం ఎక్కువ. దొరికాక, మిగతావాళ్లకు ఆ ఒక్క అక్షరం ఉందో లేదో చూస్తే చాలు. తక్కువ ఖర్చు, తొందరగా వస్తుంది, జవాబు అవునో కాదో అన్నట్టుగా ఉంటుంది.

తలకిందులుగా చేస్తే ఏమవుతుందో చెప్తానన్నాను. మెన్-1 ఉన్న ఒక అబ్బాయి చెల్లెలు, పెళ్లి సంబంధాలు చూస్తున్నారని, అన్న రిపోర్టు లేకుండా వేరే ఊళ్లో ఒక ల్యాబ్‌లో ప్యానెల్ చేయించుకుంది. "నెగటివ్" అని వచ్చింది. ఇంట్లో స్వీట్లు పంచారు. రెండేళ్ల తర్వాత ఆ అమ్మాయికి కిడ్నీలో రాయి, రక్తంలో కాల్షియం 11.4, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. విషయం ఏమిటంటే, అన్నలో ఉన్నది అక్షరం తప్పు కాదు, జీన్‌లో ఒక ముక్క మొత్తం లేకుండా పోవడం. ఆ ప్యానెల్ అలాంటి పెద్ద ముక్కల కోసం చూడలేదు. ల్యాబ్ తప్పు చేసిందని నేను అనను, వాళ్లను అడిగింది అంతే. అన్న రిపోర్టు ఇచ్చినప్పుడు చెల్లెళ్లు ఏం చేయించుకోవాలో మేము ఒక కాగితం మీద స్పష్టంగా రాసి ఇవ్వలేదు. ఆ తప్పు మాది. అప్పటి నుంచి ఆ కాగితం లేకుండా ఎవరినీ పంపడం లేదు.

జబ్బున్న మనిషి చనిపోయి ఉంటే? పాత గడ్డ బ్లాకు, లేదా ఇంకో బంధువు ఎవరికైనా జబ్బు ఉంటే వాళ్లు. ఎవరూ లేకపోతే, అప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ప్యానెల్ చేయాల్సి వస్తుంది. కానీ నెగటివ్ వస్తే పూర్తి ధైర్యం ఇవ్వలేమని ముందే ఒప్పుకుని చేయాలి.

5. ఏ టెస్ట్, ఎక్కడ

మూడు రకాలు ఉన్నాయి. ఒకే జీన్ పరీక్ష: మెడల్లరీ అంటే రెట్ ఒక్కటి చాలు. ప్యానెల్: ఫియోక్రోమోసైటోమాకి రెట్, వీహెచ్ఎల్, ఎస్‌డీహెచ్ గుంపు, ఎన్ఎఫ్-1, టీఎంఈఎం127, మ్యాక్స్ కలిపి చూసేది. మూడోది, ఇంట్లో తెలిసిన ఒక్క తప్పును మాత్రమే వెతికేది, బంధువుల కోసం.

ల్యాబ్‌ని ఈ ప్రశ్నలు అడగండి: ల్యాబుల నాణ్యతకు ఇచ్చే ఎన్ఏబీఎల్ గుర్తింపు ఉందా? డిలీషన్లు, డూప్లికేషన్లు, అంటే పెద్ద ముక్కల తప్పులు చూస్తారా, లేక దానికి ఎంఎల్‌పీఏ అనే వేరే పరీక్షకు విడిగా పంపాలా? అర్థం తేలని ఫలితం వస్తే తర్వాత ఉచితంగా మళ్లీ చూస్తారా? ప్యానెల్‌లో 500 జీన్లు ఉన్నాయని గొప్పగా చెప్పే అమ్మకపు మాటలకు పడిపోవద్దు. ఎక్కువ జీన్లు అంటే ఎక్కువ అయోమయం కూడా. అవసరమైన పది జీన్లను పూర్తిగా చూసే పరీక్ష వందల జీన్లను పైపైన చూసే దాని కంటే మేలు.

హైదరాబాద్‌లో నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది, ఉప్పల్‌లోని సీడీఎఫ్‌డీ జన్యు పరీక్షలు చేసే ప్రభుత్వ సంస్థ. చిత్తూరు, నెల్లూరు వైపువాళ్లు ఎటూ వెళ్లే వెల్లూరు సీఎంసీలో ఎండోక్రైన్ జన్యు పరీక్షల అనుభవం చాలా ఉంది. ప్రైవేటు ల్యాబులు మీ ఊరి నుంచే శాంపిల్ తీసుకెళ్తాయి. ఖర్చు ల్యాబుకీ ల్యాబుకీ మారుతుంది. ఒక్క తప్పు వెతకడానికి, పూర్తి ప్యానెల్‌కి మధ్య తేడా చాలా ఉంటుంది, రెండింటి ధర విడివిడిగా రాయించుకోండి.

ఒక హెచ్చరిక. క్యాన్సర్ డాక్టరు గడ్డ ముక్క మీద చేయించే జీన్ టెస్ట్ వేరు, రక్తం మీద చేసే వంశపు టెస్ట్ వేరు. మెడల్లరీ గడ్డలో రెట్ తప్పు చాలామందికి గడ్డలోనే పుడుతుంది, శరీరం మొత్తంలో ఉండదు, పిల్లలకు రాదు. గడ్డ రిపోర్టు చూసి "మా పిల్లలకు వచ్చేసింది" అని రాత్రంతా ఏడ్చినవాళ్లు ఉన్నారు. రక్తం మీద చూస్తే కానీ చెప్పలేం. అయితే గడ్డ రిపోర్టు కూడా ముఖ్యమే, రెట్ మార్పు ఉన్న ముదిరిన మెడల్లరీకి సెల్పర్కాటినిబ్ లాంటి మందులు 2020 నుంచి వచ్చాయి.

6. రక్తం ఇచ్చే ముందు ఒక మాట

పరీక్ష ఎందుకు చేస్తున్నారో, ఏం రావచ్చో, వచ్చాక ఏం చేస్తారో చెప్పి, సంతకం తీసుకోవాలి. ఈ మాటలు లేకుండా వేరే టెస్టులతో కలిపి రాసిస్తే "ఒక్క నిమిషం" అని ఆపండి. రిపోర్టు ఎవరికి చెప్పాలో కూడా అప్పుడే తేల్చుకోండి. పెళ్లి కాని అమ్మాయి రిపోర్టు నేరుగా నాన్నకి వాట్సాప్‌లో పంపకూడదు, ఆమె మేజర్ అయితే అది ఆమె కాగితం.

ఇన్సూరెన్స్ టెన్షన్ చాలామందికి ఉంటుంది. 2018లో ఢిల్లీ హైకోర్టు, జన్యు జబ్బు అన్న పేరుతో హెల్త్ ఇన్సూరెన్స్ నిరాకరించడం వివక్ష అని తీర్పు చెప్పింది. అయినా పాలసీ తీసుకునేటప్పుడు తెలిసిన జబ్బును దాచకండి, తర్వాత క్లెయిమ్ దగ్గర ఇబ్బంది. అమెరికాలో ఉన్న మన పిల్లలకు జన్యు వివక్షను అడ్డుకునే 2008 నాటి జినా చట్టం హెల్త్ ఇన్సూరెన్స్‌లో, ఉద్యోగంలో రక్షణ ఇస్తుంది, లైఫ్ ఇన్సూరెన్స్‌కి అది వర్తించదు. అందుకని అక్కడివాళ్లు కొందరు లైఫ్ పాలసీ తీసుకున్నాకే టెస్ట్‌కి వెళ్తారు. అది వాళ్ల లెక్క. రెట్ లాంటి జీన్‌లో మాత్రం ఆలస్యం వద్దు.

7. రక్తం

ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో 3 నుంచి 5 మిల్లీలీటర్లు. పరగడుపు అవసరం లేదు. ఈ మధ్య రక్తం ఎక్కించుకుని ఉంటే చెప్పండి, బోన్ మ్యారో మార్పిడి జరిగి ఉంటే తప్పకుండా చెప్పండి, ఎందుకంటే అప్పుడు మీ రక్తంలోని జీన్ దాతది. చిన్న పిల్లలకు బుగ్గ లోపలి నుంచి దూదితో తీసే పద్ధతి కూడా కొన్ని ల్యాబుల్లో ఉంది. ఫారం మీద పేరు, వయసుతో పాటు జబ్బు వివరం, వంశవృక్షం, ఇంట్లో తెలిసిన తప్పు ఉంటే ఆ రిపోర్టు కాపీ జతచేయండి. ఈ జత కాగితమే ఆ చెల్లెలి దగ్గర లేనిది.

8. రిపోర్టు చదవడం

రిపోర్టులో మొదటి పేజీలోనే ఇలాంటి వరస ఉంటుంది:

జీన్: రెట్. వేరియంట్: సి.1900టి>సి, పి.సిస్634ఆర్జ్. జైగాసిటీ: హెటరోజైగస్. వర్గీకరణ: పాథోజెనిక్.

చదివితే కోడ్ భాషలా ఉంటుంది, కానీ సులువే. రెట్ జీన్‌లో 1900వ అక్షరం టి ఉండాల్సిన చోట సి వచ్చింది. దాని వల్ల ప్రోటీన్‌లో 634వ మెట్టు దగ్గర సిస్టీన్ ఉండాల్సిన చోట ఆర్జినిన్ వచ్చింది. హెటరోజైగస్ అంటే మీకున్న రెండు కాపీల్లో ఒకటే తప్పు, రెండోది బాగుంది. పాథోజెనిక్ అంటే జబ్బు తెచ్చే మార్పు.

వర్గీకరణ ఐదు మెట్లు: పాథోజెనిక్, లైక్లీ పాథోజెనిక్, వీయూఎస్, లైక్లీ బినైన్, బినైన్. మొదటి రెండింటినీ ఒకేలా చూసి చర్య తీసుకుంటాం. చివరి రెండింటినీ పట్టించుకోం. మధ్యలో ఉన్న వీయూఎస్ దగ్గరే గొడవ. దాని అర్థం "ఒక మార్పు ఉంది, అది జబ్బు తెస్తుందో లేదో ఇంకా తెలియదు" అని. వీయూఎస్ చూసి ఎవరి గ్రంథీ తీయకూడదు, ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు దాని కోసం టెస్ట్ చేయకూడదు. ఏడాదికో రెండేళ్లకో ఒకసారి ల్యాబ్‌ని అడగండి, "దీని వర్గం మారిందా" అని. చాలావాటి వర్గం కాలక్రమంలో మారుతుంది.

నెగటివ్ అన్న మాటకు రెండు అర్థాలు. ఇంట్లో తెలిసిన తప్పు మీలో లేకపోతే, మీకు ఆ భయం పోయినట్టే, మీ పిల్లలకూ. ఏటా చేయించే స్కాన్లు, రక్త పరీక్షలు అక్కడితో ఆపేయవచ్చు. కానీ ఇంట్లో మొదటి మనిషికే నెగటివ్ వస్తే అది ముగింపు కాదు. స్పష్టంగా మెన్-1 లక్షణాలు ఉన్న కుటుంబాల్లో కూడా 5 నుంచి 10 శాతం వాటిలో మామూలు పరీక్షకు తప్పు దొరకదు. అప్పుడు జబ్బు ఉన్నట్టే చూసుకోవాలి.

9. పాజిటివ్ వస్తే

ఇక్కడ జీన్‌ని బట్టి దారి మారుతుంది, ఒకరి సలహా ఇంకొకరికి పనికిరాదు. రెట్‌లో అయితే తప్పు ఏ స్థానంలో ఉందో అదే నిర్ణయిస్తుంది. 918వ స్థానంలో మెథియోనిన్ బదులు థ్రియోనిన్ వస్తే బిడ్డకు ఏడాది నిండేలోపే థైరాయిడ్ తీసేయమని 2015 అమెరికన్ థైరాయిడ్ అసోసియేషన్ మార్గదర్శకాలు చెప్తాయి. 634, 883 స్థానాలైతే ఐదేళ్లకు లేదా ఆలోపే, కాల్సిటోనిన్ చూసుకుంటూ. మిగతా స్థానాలకు కాల్సిటోనిన్ పెరిగే తీరును బట్టి.

ఐదేళ్ల పిల్ల గొంతు కోయడం అని వినగానే ఎవరికైనా గుండె ఆగుతుంది. నేను ఆ గదిలో తల్లులు నాతో పోట్లాడటం చూశాను, వాళ్ల కోపం అన్యాయం కాదు. కానీ ఈ జబ్బులో బాగున్న గ్రంథిని తీయడానికి కారణం ఉంది: క్యాన్సర్ వచ్చాక తీస్తే ఆలస్యం, రాకముందు తీస్తే పూర్తిగా తప్పించుకోవచ్చు. తర్వాత జీవితాంతం ఉదయం పరగడుపున థైరాక్సిన్ మాత్ర. పిల్లల మెడలో ఈ ఆపరేషన్లు తరచుగా చేసే సర్జన్ దగ్గరే చేయించండి, పారాథైరాయిడ్లు చిన్నవి, దెబ్బ తింటే కాల్షియం పడిపోతుంది.

రెట్, వీహెచ్ఎల్, ఎస్‌డీహెచ్ ఉన్న ఎవరికైనా సరే, ఏ ఆపరేషన్‌కైనా ముందు, గర్భం దాల్చే ముందు, మెటానెఫ్రిన్లు చూడాలి. లోపల దాక్కున్న ఫియోక్రోమోసైటోమా మత్తు ఇచ్చినప్పుడు బీపీని ఆకాశానికి తీసుకెళ్తుంది. గడ్డ ఉందని తేలితే ముందు ఆల్ఫా బ్లాకర్ మందు, తర్వాతే బీటా బ్లాకర్, వరస తప్పకూడదు. 634 లాంటి ఎక్కువ ప్రమాదం ఉన్న మార్పులైతే ఈ పరీక్ష 11 ఏళ్ల నుంచి, మధ్యస్థ ప్రమాదం ఉన్నవైతే 16 ఏళ్ల నుంచి ఏటా.

మెన్-1లో ముందుగా తీసేసే ఆపరేషన్ లేదు. గమనిస్తూ ఉండటమే. కాల్షియం, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్), ప్రోలాక్టిన్ (పిట్యూటరీ హార్మోన్) ఏటా, నిర్ణీత వ్యవధిలో ఎంఆర్ఐలు. పిల్లల్లో ఐదేళ్ల వయసు నుంచే కొన్ని మొదలుపెడతారు. వీహెచ్ఎల్‌లో కంటి డాక్టరు దగ్గరికి చిన్నప్పటి నుంచే. ఎస్‌డీహెచ్ గుంపులోని ఎస్‌డీహెచ్‌బి జీన్‌లో తప్పు ఉంటే గడ్డ ఇతర చోట్లకు పాకే ప్రమాదం మిగతా వాటి కంటే ఎక్కువ, అందుకే ఇక్కడ స్కాన్ వాయిదా వేయకండి.

పిల్లలు కావాలనుకునే జంటలకు ఇంకో దారి ఉంది: ఐవీఎఫ్‌లో పిండం దశలోనే ఇంట్లో తెలిసిన తప్పు ఉందో లేదో చూడటం, లేదా గర్భంలో పరీక్ష. లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ప్రకారం గర్భస్థ పరీక్షలు నమోదైన కేంద్రంలోనే, జబ్బు కోసమే చేయాలి. ఆడా మగా అని అడగడం, చెప్పడం రెండూ నేరం.

10. బంధువులకు చెప్పడం

పాజిటివ్ వచ్చినవాళ్లలో సగం మంది ఇక్కడే ఆగిపోతారు. "తమ్ముడితో మాటలు లేవు", "అత్తయ్యగారి కూతురికి సంబంధం కుదిరింది, ఇప్పుడెందుకు" అంటారు. నేను బలవంతం చేయను. ఒక ప్రశ్న మాత్రం అడుగుతాను: ఆ అమ్మాయికి కాన్పులో బీపీ పెరిగితే అప్పుడు ఎవరికి ఫోన్ చేస్తారు?

ఫోన్‌లో జబ్బు పేరు చెప్పబోతే తడబడతారు. అందుకని మేము ఒక కాగితం ఇస్తాం, దాన్నే వాట్సాప్‌లో పంపుకోవచ్చు. ఫ్యామిలీ గ్రూపులో పెట్టొద్దు, ఒక్కొక్కరికి విడిగా పంపండి. శుభలేఖ వెనక వంశం గీసుకొచ్చినాయన తమ్ముడికి పంపింది దాదాపు ఇలా ఉంది:

"తమ్ముడూ, నాకు అడ్రినల్‌లో గడ్డలు వచ్చాయి, ఆపరేషన్ అయింది, బాగున్నాను. డాక్టర్లు జీన్ టెస్ట్ చేసి ఇది మన వంశంలో నడిచేదని చెప్పారు. రెట్ అనే జీన్‌లో సి.1900టి>సి అనే మార్పు. నీకు ఉండొచ్చు, లేకపోవచ్చు, సగం సగం. పెద్ద ప్యానెల్ అవసరం లేదు, ఈ ఒక్క మార్పు ఉందేమో చూడమను. నా రిపోర్టు ఫొటో కింద పెడుతున్నాను, ల్యాబ్‌కి అదే చూపించు. నీకు లేకపోతే పిల్లలకు ఏమీ చేయించక్కర్లేదు. ఉంటే చిన్నదానికి ఐదేళ్లు నిండకముందే డాక్టరుని కలవాలి. ఈలోగా పంటి ఆపరేషన్ అయినా సరే, ఎవరైనా మత్తు ఇస్తామంటే ముందు ఈ సంగతి చెప్పు. డబ్బు సంగతి నేను చూసుకుంటాను. సోమవారం ఫోన్ చేస్తాను, ఎత్తు."